బంగారు రంగు కొట్టిన ఇంజిన్

సైన్స్ ల్యాబ్ మూలన ఉన్న గాజు పెట్టె తలుపు తెరిచి ఉంది. లోపల నేను పరిచిన సన్న కంకర, పట్టాల ముక్క అలాగే ఉన్నాయి. ఇంజిన్ లేదు. బల్లల కింద వంగి చూశాను, బీరువాల వెనక చూశాను. పిల్లలు ఎవరో తీసి ఉంటారని ముందు వాళ్ల మీదే కోపం తెచ్చుకున్నాను. గది ఊడ్చడానికి వచ్చిన ఆయమ్మ నన్ను చూసి చీపురు గోడకు ఆనించింది.

"దేవులాడకున్రి మేడం. కరస్పాండెంట్ సార్ పట్కపోయిండు" అంది.

"యాడికి?"

"బడి ఫంక్షన్ నాడు ఎవల్కో ఇచ్చిండ్రు. ముందుగాల వరండల పేపర్లు పరిచి దానికి రంగు కొట్టిచ్చిండు. మస్తు మెరిసింది మేడం, అచ్చం బంగారమోలె."

పాపం, ఆ మాట నన్ను సంతోషపెట్టడానికే అంది. వరండాలోకి వెళ్లి చూశాను. గచ్చు మీద పేపర్ల అంచు దాటి పడిన బంగారు రంగు తుంపర ఇంకా ఉంది. మధ్యలో మాత్రం శుభ్రంగా, పేపరు పరిచినంత మేర గచ్చు గచ్చులాగే ఉంది. కింద పెట్టి, పై నుంచి స్ప్రే డబ్బాతో కొట్టినట్టున్నారు. పేపరు కూడా సరిగా పరవలేదు.

ఆ ఇంజిన్ ఏమిటో చెప్పకపోతే నా కోపం ఎవరికీ అర్థం కాదు. చాలామంది దాన్ని బొమ్మ అంటారు. బొమ్మంటే దుకాణంలో కొనుక్కొచ్చి పిల్లల చేతికిచ్చేది. నాది ఒకప్పుడు కాజీపేట, డోర్నకల్ మధ్య గూడ్సు బండ్లు లాగిన బొగ్గు ఇంజిన్‌కు చిన్న రూపు. ఇంజిన్, దాని వెనక బొగ్గూ నీళ్లూ మోసే టెండరు, రెండూ కలిపినా ఒక చేతిలో పట్టేంత. లోపల చిన్న కరెంటు మోటారు ఉంటుంది, పట్టాల మీద నడుస్తుంది. పాత ఇంజిన్లంటే పిచ్చి ఉన్న కొందరు పాత డ్రాయింగులు సంపాదించి, పలుచని ఇత్తడి రేకుల మీద భాగాలన్నీ ఆమ్లంతో కొరికించి తయారుచేశారు. దీన్ని ఎచింగ్ అంటారు. వాళ్ల వాట్సాప్ గ్రూపులో బతిమాలి బతిమాలి నేను ఒక జత రేకులు తెప్పించుకున్నాను.

రేకు చేతిలోకి తీసుకుంటే జాలీలా ఉంటుంది. కిటికీలు, మెట్లు, తలుపులు, పైపుల బిగింపులు అన్నీ ఆ రేకులోనే ఉంటాయి, చుట్టూ ఉన్న చట్రానికి వెంట్రుకల్లాంటి కాడలతో అంటిపెట్టుకుని. ఒక్కో ముక్కను కోసి, అంచును ఆకురాయితో నున్నగా రుద్ది, సగం లోతు కొరికిన గీత వెంట వంచి, టంకం పెట్టి అతకాలి. వంపు తప్పిందని మళ్లీ వెనక్కి వంచితే గీత దగ్గర విరుగుతుంది. రివెట్లు రేకు వెనక చుక్కల్లా ఉంటాయి. మొండి సూదితో ఒక్కొక్కటే నొక్కితే ముందువైపు ఆవగింజలో సగమంత బుడిపె లేస్తుంది. గట్టిగా నొక్కితే చిల్లు పడుతుంది. మెల్లగా నొక్కితే లేవదు. టెండరు ఒక్క పక్కకే వందల బుడిపెలు.

టంకం పెట్టడం మా మేనమామ దగ్గర నేర్చుకున్నాను. ఆయనది పెంబర్తి. ఫంక్షన్లలో ఇచ్చే ఇత్తడి షీల్డులు కొట్టడం వాళ్లింటి పని. వేడి ఎక్కువైతే నిన్న అతికిన ముక్క ఇవాళ్టి ముక్కతో పాటు ఊడి వస్తుంది. క్యాబ్, అంటే డ్రైవరు నిలబడే చోటు, నా చేతిలో అలా ఎన్నిసార్లు ముక్కలైందో. సెలవు రోజుల్లో మధ్యాహ్నం, వంటింటి కిటికీ దగ్గర వెలుతురు బాగున్నప్పుడు చేసేదాన్ని. మా ఆయన మేముండే జనగామలోనే బోరు మోటార్లకు వైండింగ్, అంటే రాగి తీగ చుట్టే పని, చేస్తాడు. పొగ వాసనకు దగ్గుతూ "నా షాపుల వాసన సరిపోలేదా నీకు" అనేవాడు గాని, ఎప్పుడూ వద్దనలేదు.

వివరాలు చెప్పింది మా నాయిన. ఆయన ఆ ఇంజిన్ల మీద పొయ్యిలో బొగ్గు వేసే ఫైర్‌మన్‌గా చేరాడు. తర్వాత డీజిల్ ఇంజిన్లు నడిపి రిటైరై, ఇప్పుడు మహబూబాబాద్‌లో మా తమ్ముడి దగ్గర ఉంటాడు. ఒక చెవి పూర్తిగా వినపడదు. నేను అడిగితే విసుక్కుంటూ చెప్పేవాడు. ఆయన ఎక్కువగా పనిచేసిన ఇంజిన్‌కు టెండరు ఎడమ పక్కన అతుకు రేకు ఒకటి ఉండేదట. క్యాబ్ లోపల సద్ది గిన్నె తగిలించుకోవడానికి ఎవరో వంకర తీగ ఒకటి కట్టారట. ఆ అతుకును నేను వేరే రేకు ముక్కతో వేశాను. ఆ వంకర తీగను రాగి పోగుతో చేసి, ఊపిరి బిగబట్టి, పట్టకారుతో లోపల పెట్టాను. బయటి నుంచి చూస్తే కనిపించదు. ఉందని నాకు తెలుసు, అంతే.

తర్వాత నలుపు వేశాను. ఒట్టి నలుపు కాదు. పొగగొట్టం దగ్గర మసి, బాయిలర్ కింద నీళ్లు కారిన సున్నపు చారలు, చక్రాల దగ్గర నూనె జిడ్డు. సన్న కుంచెతో ఒక్కో చార వేస్తుంటే అది రేకు అన్న సంగతి నేనే మరిచిపోయాను.

దాన్ని బడికి తెమ్మని కరస్పాండెంట్ సార్ అడిగాడు. బడి ఆయనదే. నేను ఫిజిక్స్ చెప్తాను, పిల్లలకు ఆవిరి గురించి చెప్పడానికి బాగుంటుందని నాకూ అనిపించింది. గాజు పెట్టె నేనే చేయించి, తాళం వేసి, తాళంచెవి ఆఫీసులో ఇచ్చాను. ఇంతలో నాయినకు ఊపిరి అందక మహబూబాబాద్ దవాఖానలో చేర్చారని తమ్ముడు ఫోన్ చేస్తే సెలవు పెట్టి వెళ్లాను. ఆయన కోలుకుని ఇంటికి వచ్చాకే జనగామ తిరిగొచ్చాను. వచ్చేసరికి ఇదీ సంగతి.

కరస్పాండెంట్ గదిలోకి వెళ్లేసరికి ఆయన నవ్వుతూ లేచాడు.

"కూసోన్రి మేడం. బాపుకు ఎట్లున్నది?"

"మంచిగనే ఉన్నడు. నా ఇంజిన్ యాడుంది సార్?"

"గదా! చీఫ్ గెస్టుకు మెమెంటో ఇచ్చినం. మన ఘనపూర్ కాంట్రాక్టరు సారు. ఎంత ఖుషయిండో! మనం ఆయన దిక్కు బ్రాంచి పెడ్తున్నం గదా, ఆయన మాటసాయం గావాలె. మీ బొమ్మ స్కూలుకు మంచిగ అక్కరకొచ్చింది."

"నన్ను అడిగిండ్రా?"

"మీరు దవాఖానల పరేషాన్ల ఉన్నరు. ఎందుకు డిస్టర్బ్ చేసుడని ఊకున్నం."

"రంగెందుకు కొట్టిచ్చిండ్రు?"

"నలుపు ఉండె గదా మేడం. సన్మానంల నల్లది చేతికియ్యొచ్చా? ఆడాడ తుప్పు మరకలు గుడ ఉండె. నీట్‌గ చేపిచ్చినం."

తుప్పు మరకలట. ఎన్నో ఆదివారాలు కూర్చుని వేసిన చారలు. అడిగాను: "పక్కనే పెంబర్తి ఉంది సార్. మెమెంటోకు ఇత్తడి కరువొచ్చిందా మనకు?"

"షీల్డులు అందరిస్తరు మేడం. మీది చేతితోని చేసింది. దాని వ్యాల్యూ వేరే."

ఆ మాటతో నా ఒళ్లు మండిపోయింది. తెలియక తీశాడేమో, పిల్లలు ఆడుకునే బొమ్మ అనుకున్నాడేమో అని అప్పటిదాకా నాలో ఏదో ఒక మూల సర్దిచెప్పుకుంటూ ఉన్నాను. ఆయనకు అన్నీ తెలుసు. చేత్తో చేసిందని తెలుసు, ఎవరు చేశారో తెలుసు, అందుకే తీశాడు.

"గంత ఫీలైతె ఆన్‌లైన్ల ఇంకోటి తెప్పిస్తం తియ్యిన్రి. బొమ్మకు బొమ్మ" అన్నాడు.

నేను లేచి బయటికి వచ్చేశాను. ఆ రోజు తొమ్మిదో తరగతిలో పాఠం ఏం చెప్పానో నాకే తెలియదు. సాయంత్రం మా ఆయనతో చెప్తే ఆయన చేతిలోని రాగి తీగ చుట్ట పక్కన పెట్టాడు.

"ఊకో. ఆయనతోని పెట్టుకుంటె నౌకరి పోతది. ఇంకోటి చేస్కుందువు" అన్నాడు.

"నీ షాపుల మోటరు ఎవడన్న ఎత్కపోతె ఇంకోటి చుట్టుకుందువా?"

"మోటరు వేరే, అది వేరే."

"ఏం వేరే?"

ఆయన పక్కన పెట్టిన రాగి తీగ చుట్ట మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

మరునాడు బడి అయ్యాక ఘనపూర్ బస్సెక్కాను. జనగామలో ఉన్నవాళ్లకు ఘనపూర్ అంటే స్టేషన్ ఘనపూరే. అక్కడ దిగి, బస్టాండు దగ్గర చాయ్ హోటల్లో, ఫలానా కాంట్రాక్టరు సారు ఇల్లెక్కడ అని అడిగితే చాయ్ పోసే ఆయన నవ్వాడు.

"గాయిన మా ఘనపూర్ కాదక్కా. ములుగు ఘనపూర్. గిప్పుడు ఆడ గుడ ఉంటలేడు, భూపాలపల్లిల బిల్డింగు కట్టిండు."

తిరుగు బస్సులో నిలబడి వస్తుంటే నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. నా వస్తువు ఏ ఊళ్లో ఉందో కూడా నాకు తెలియకుండా చేశారు.

ఆదివారం పొద్దున్నే హనుమకొండ వెళ్లి భూపాలపల్లి బస్సు పట్టుకున్నాను. మా ఆయన తోడొస్తానన్నాడు. వద్దన్నాను. వస్తే నన్ను శాంతపరుస్తాడని భయం. దారంతా బొగ్గు లారీలు ఎదురొస్తూనే ఉన్నాయి. ఏం మాట్లాడాలో దారి పొడవునా కూడబలుక్కున్నాను. మర్యాదగా మొదలుపెట్టాలి, గొంతు పెంచకూడదు, ఏడవకూడదు.

ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. గేటు తీసింది ఆయన భార్య. నాకన్నా పెద్దామె. చేతులకు పసుపు అంటి ఉంది, కారం పొళ్లు ఏవో కలుపుతున్నట్టుంది.

"సారు బయటికి పోయిండు. ఏం పని మీద వచ్చినవ్ చెల్లె?"

చెప్పాను. మొత్తం చెప్పాను, రంగు సంగతితో సహా. ఆమె నా మొహంలోకి చూసి, చేతులు కడుక్కుని, ఇంటి పక్కన ఉన్న రేకుల గది తలుపు తీసింది.

"గిసొంటియి మస్తున్నయ్. గిండ్ల యాడుందో జర చూస్కో."

ఒక పక్క యూరియా బస్తాలు, పాడైన కూలరు. ఇంకో పక్క షీల్డులు, గోడ గడియారాలు, దేవుళ్ల పటాలు, కవర్లు కూడా విప్పని శాలువాలు ఒకదాని మీద ఒకటి. ఊరూరా ఎవరెవరో చేతికిచ్చి ఫొటో దిగిన సన్మానాలన్నీ అక్కడ దుమ్ము పట్టి ఉన్నాయి. ఒక గోడ గడియారం కింద నాది దొరికింది. మెరుపు కాగితం సగమే చింపి ఉంది. ఎవరూ పూర్తిగా విప్పి కూడా చూడలేదు.

కాగితం తీశాను. బంగారు రంగు దిబ్బలుగా పడి, కారి, ఎండిపోయింది. రివెట్లు కనిపించడం లేదు. కిటికీలకు రంగు పొర తెరలా కట్టింది. చక్రాలను కలిపే కడ్డీలు చక్రాలకు అతుక్కుపోయి కదలడం లేదు. పొగగొట్టం ఒక పక్కకు ఒరిగింది. కింద బడి పేరు చెక్కిన నున్నటి చెక్క. దానికి బిగించడానికి అడుగు నుంచి రెండు స్క్రూలు దించారు. ఒకటి టెండరు లోంచి, ఇంకొకటి సరిగ్గా మోటారు పళ్లచక్రం లోంచి. లోపల ఏముందో చూడకుండానే డ్రిల్లు పెట్టి తొలిచేశారు. క్యాబ్ లోపల వేలు పెట్టి తడిమాను. వంకర తీగ లేదు.

అప్పుడే కారు వచ్చి ఆగింది. తెల్లబట్టల్లో ఉన్న ఆ కాంట్రాక్టరు సారు నన్ను, నా చేతిలో ఉన్నదాన్ని చూసి భార్య వైపు తిరిగాడు. ఆమె చెప్పింది.

"మీరు చేసిండ్రా గిది?" అన్నాడు నాతో. "నేనే దగ్గరుండి డిజైన్ చేపిచ్చిన అన్నడే మీ సారు!"

"నేను చేసిన. నన్ను అడగకుంట ఇచ్చిండు. తీస్కపోత."

"గట్లెట్లయితది మేడం? స్టేజీ మీద గంతమంది ముంగట ఇచ్చిన మర్యాద. వాపస్ ఇస్తె నా ఇజ్జత్ పోదా?"

"యూరియా బస్తాల పక్కన పడేసినప్పుడు పోలేదా మీ ఇజ్జత్?"

నేను కూడబలుక్కున్న మర్యాద అంతా అక్కడితో అయిపోయింది. ఆయన మొహం బిగుసుకుంది. దగ్గరికి వచ్చి నా చేతిలోని దాన్ని పట్టుకున్నాడు.

"గంత మంచి వస్తువైతె ఈడ్నే ఉండనీ. ఇయ్యాల్నే హాల్ల పెట్టిస్త" అన్నాడు.

ఇద్దరం చెరో పక్క పట్టుకుని నిలబడ్డాం. టెండరు ఆయన చేతిలో, ఇంజిన్ నా చేతిలో. ఆయన లాగాడు. మధ్యలో టంకం కిర్రుమనడం నా వేళ్లకు తెలిసింది. ఇంకొంచెం లాగితే అతుకులు ఊడతాయి. ఆయనకేం, ఊడితే ఇంకో షీల్డు. నేను వదిలేశాను. నా బతుకులో అంత కోపం ఎన్నడూ రాలేదు. నా వస్తువు బాగుండాలంటే నేనే చేయి వదలాల్సి వచ్చింది, బలం ఉన్నవాడికి ఆ భయం లేదు.

"దాన్ని ఆమెకియ్యి."

ఆయన భార్య. గొంతు పెద్దగా లేదు.

"నువ్వు లోపటికి పో" అన్నాడాయన.

"ఇయ్యమంటున్న. మా అవ్వ ఇచ్చిన గంగాళం నన్నడిగి ఇచ్చినవా ఎవడో లీడర్ ఇంటికి? పండుగ పూట నీళ్లు కాగవెట్టుకునే గంగాళం. ఆని ఇంట్ల పూల కుండీ చేసిండ్రు దాన్ని. నేను పోయి చూసిన, నోరు మూస్కొని వచ్చిన. నీకు శాలువాలు తక్కువైనయా, బొమ్మలు తక్కువైనయా? రూము నిండ ఉన్నయ్, ఒక్కటన్న విప్పి చూసినవా?"

ఆమె నడిచి వచ్చి ఆయన చేతుల్లోంచి ఇంజిన్‌ను తీసుకుంది. ఆయన లాగలేదు. ఆమె ఒక శాలువా కవరు చింపి, అందులో చుట్టి నా సంచిలో పెట్టింది.

"పో చెల్లె. బస్సు దొర్కుతది."

ఆయన ఫోన్ చూసుకుంటూ నిలబడ్డాడు. నేను ఆమెకు దండం కూడా పెట్టకుండా బస్టాండుకు నడిచాను.

ఆ వారం ప్రార్థనలో పిల్లలకు మంచి మాట చెప్పే వంతు నాది. సోమవారం శాలువాలోంచి ఇంజిన్ తీసి, చెక్కతో సహా, అందరికీ కనిపించేలా పైకెత్తి పట్టుకున్నాను. పెద్దగా ఏమీ సిద్ధం చేసుకోలేదు.

"ల్యాబ్‌లో మీరు చూసిన ఇంజిన్ ఇదే" అన్నాను మైకులో. "నేను చేసిన. నన్ను అడగకుండా తీసి, రంగు కొట్టి, వేరేవాళ్లకు ఇచ్చిండ్రు. నేను భూపాలపల్లి పోయి తెచ్చుకున్న. పక్కోడి పెన్సిల్ అడగకుండా తీస్తే మిమ్మల్ని నిలబెట్టి అడుగుతం. పెద్దోళ్లు తీసినా అడగాలె. నేను ఇప్పుడు అడుగుతున్న."

మైకు ఆగిపోయింది. ఆఫీసులోంచి ఎవరో స్విచ్ తీసేశారు. మైకు లేకుండానే చివరి మాట మళ్లీ చెప్పాను. వెనక వరసల దాకా వినపడింది. క్లాసులో అరిచి అరిచి పెరిగిన గొంతు అది. కరస్పాండెంట్ మెట్ల మీద నిలబడి ఉన్నాడు. పిల్లలు ఆయన వైపు, నా వైపు మార్చి మార్చి చూశారు.

గదిలోకి పిలిచాడు.

"ఏంది మేడం గిది? సారీ గావాల్నంటె రూంల చెప్తుంటి గదా. పిల్లల ముంగట గిట్ల చేస్తరా?"

"రూంలనే ఇచ్చిండ్రా సార్ దాన్ని? స్టేజీ మీద గదా ఇచ్చింది. సారీ గుడ ఆడ్నే చెప్పున్రి."

"నేను చెప్ప."

"అయితె నేనుండ."

డ్రాయింగ్ టీచరు అప్పటికే గుమ్మం దగ్గర నిలబడి ఉంది. నెమ్మదస్తురాలు, స్టాఫ్ రూంలో కూడా అడిగితే తప్ప మాట్లాడదు. లోపలికి వచ్చి, ఆయన కుర్చీ వెనక గోడకు ఉన్న పెద్ద బొమ్మను మేకు నుంచి తీసింది. కోతలైన వరి మడి, దూరంగా గొర్రెల మంద. ఆమె వేసిందే. ఎగ్జిబిషన్‌కని అడిగి తీసుకుని గోడకు కొట్టుకున్నాడట.

"గిది గుడ నాది సార్" అంది.

ఆయన అడ్డు చెప్పలేదు. ఆమె దాన్ని చంకన పెట్టుకుని ఆరో తరగతికి వెళ్లిపోయింది. ఆమె ఇంకా అక్కడే పనిచేస్తోంది. నేను ఆ నెలాఖరుకు మానేశాను. పదో తరగతి పిల్లలకు మిగిలిన పాఠాలు మా ఇంట్లో చెప్పాను. అటు పంపొద్దని బడి నుంచి తల్లిదండ్రులకు ఫోన్లు వెళ్లాయి. కొందరు మానేశారు, ఎక్కువమంది వచ్చారు. ఇప్పుడు నర్మెట్టలో ఒక చిన్న బడిలో చెప్తున్నాను. రోజూ బస్సు. జీతం తగ్గింది. మావాళ్లలో చాలామంది "బొమ్మ కోసం నౌకరి ఇడ్సిపెట్టిందట" అని నవ్వుకుంటారు. నవ్వుకోనీ. వాళ్లకు వివరించే ఓపిక నాకు లేదు.

రంగు వదిలించడానికి ఇంటి పైకప్పు మీద కూర్చున్నాను. స్టీలు గిన్నెలో థిన్నరు పోసి, పాత పళ్ల బ్రష్షుతో రుద్దాను. బంగారం కరిగి కారింది. దాని వెనకాలే నా నలుపు కూడా కరిగింది. మసి, సున్నపు చారలు, నూనె జిడ్డు అన్నీ బురద రంగు నీళ్లలా గిన్నెలోకి దిగాయి. ఒకదాన్ని ఉంచి ఇంకోదాన్ని తీసే దారి లేదు. రివెట్ల సందుల్లో ఇరుక్కున్న రంగును సూదితో గీకుతూ కరస్పాండెంట్‌ను నోటికొచ్చినట్టు తిట్టాను. పక్కింటామె బట్టలు ఆరేసుకోవడానికి పైకి వచ్చి, విని, కిందికి దిగిపోయింది.

మా ఆయన పైకి వచ్చింది స్క్రూలు తీయడానికి. అప్పటిదాకా ఆయన ఇంజిన్‌ను సరిగా చూడలేదు. కళ్లద్దాలు పెట్టుకుని తిరగేసి చూశాడు. మొహం ఎర్రబడింది.

"గేర్‌లకెల్లి దించిండా స్క్రూ? గాడిద కొడుకు! లోపట మోటరుందని కనవడలేదా వానికి?"

ఊకో అన్న మనిషి పావుగంట సేపు తిట్టాడు. నాకు చాలా హాయిగా అనిపించింది. చిటికెన వేలంత మోటారును షాపుకు పట్టుకెళ్లి, బోరు మోటార్ల మధ్య బల్ల మీద పెట్టి, పళ్లచక్రం వెతికి తెచ్చి మార్చాడు. ఇప్పుడు నడుస్తుంది. ఒక చోట కాస్త గరగరమంటుంది.

రంగు లేకుండా, ఉత్త ఇత్తడిగా ఉన్నప్పుడే దాన్ని మహబూబాబాద్ తీసుకెళ్లాను. నాయిన మంచం మీద కూర్చుని ఉన్నాడు. జరిగినదంతా ఆయన వినపడే చెవి దగ్గర గట్టిగా చెప్పాను. ఆయన కూడా నాతో పాటు కోపం తెచ్చుకుంటాడని అనుకున్నాను. ఆయన ఇంజిన్‌ను రెండు చేతుల్లో పట్టుకుని చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు.

"గిట్లనే మంచిగున్నది. నలుపు ఎయ్యకు" అన్నాడు.

"నల్లగనే ఉండె గదా నాయినా అది!"

"ఉండె. గందుకే వద్దంటున్న."

లుంగీ కొద్దిగా పైకి లాగి మోకాలి కింద మచ్చ చూపించాడు. చిన్నప్పటి నుంచి చూస్తున్న మచ్చే. ఎలా అయిందని అడిగితే ఎప్పుడూ పడ్డానని చెప్పేవాడు.

"పొయ్యి తలుపు తాకింది. ఎండకాలం. బయట మంటలు, లోపట మంటలు. డ్రైవరు చూసిండు, బొగ్గు ఎయ్యి అన్నడు. ఎసిన. డ్యూటీ అయిపోయినంక దవాఖానకు పోయిన. చెవి గుడ గా ఇంజిన్ మోతకే పోయింది. ఇప్పుడు అందరు ఫోన్ల ఫొటోలు చూసి ఆహా ఇంజిన్, ఓహో పొగ అంటరు. మా తోలు గాలింది ఎవడు చూసిండు? నువ్వు గుడ వచ్చి అతుకు యాడుండె, తీగ యాడుండె అని అడిగినవ్. నువ్వు యాడ నిలవడ్తుంటివి నాయినా అని అడిగినవా?"

మా తమ్ముడి భార్య చాయ్ తెచ్చి, గుమ్మంలోనే ఆగిపోయింది. అన్నాళ్లూ నా కోపం ఒక్కటే పెద్దదని తిరుగుతున్నాను. ఈయన తన కోపాన్ని పట్టుకుని, పడ్డానని అబద్ధం చెప్తూ, ఇన్నేళ్లు గడిపాడు.

"చెప్పు నాయినా. యాడ నిలవడ్తుంటివి?"

చెప్పాడు. చాయ్ చల్లారేదాకా చెప్పాడు. పార ఎటు తిప్పేవాడో, పొయ్యి తలుపు తెరిచినప్పుడు మొహం ఎలా పక్కకు తిప్పుకునేవాడో, గార్ల స్టేషన్లో బండి ఆగితే నీళ్ల పైపు కింద తల ఎలా పెట్టేవాడో చూపించాడు. తిడుతూ చెప్పాడు. ఇంజిన్‌ను తిట్టాడు, పైవాళ్లను తిట్టాడు, పేరు పేరునా డ్రైవర్లను తిట్టాడు. నేను ఆపలేదు.

ఇంటికి వచ్చాక నలుపే వేశాను. ఆయన వద్దన్నాడని ఇత్తడిగా వదిలేయడం నా వల్ల కాలేదు. అది నల్ల ఇంజినే. దాని నలుపులోనే మా నాయిన నిలబడ్డాడు. ఫోన్ చేసి ఆ మాటే చెప్పాను. కోప్పడతాడని అనుకున్నాను.

"నీ ఇష్టం, చేసింది నువ్వు" అన్నాడు. మళ్లీ, "ఇంకోటి చేసేదుంటె డీజిలు చెయ్యి. దాంట్ల కూసునెటందుకు సీటు ఉండె" అన్నాడు.

డీజిలు ఇంజిన్ రేకులు ఎవరైనా కొరికిస్తున్నారేమోనని వాట్సాప్ గ్రూపులో అడిగి పెట్టాను.